తొక్క నుంచి పెక్టిన్, పెంకు నుంచి కైటోసాన్: గొలుసు తెగకుండా తీయడం ఎలా

పండ్ల తొక్క, రొయ్య పెంకు లాంటి వ్యర్థంలో ఉన్న పాలిమర్‌ను (చిన్న అణువులు గొలుసుగా కలిసిన పదార్థం) బయటికి రప్పించడం పెద్ద పనేం కాదు. ఆమ్లమో క్షారమో పోసి వేడి చేస్తే ఏదో ఒకటి కరిగి వస్తుంది. చిక్కంతా తర్వాత తెలుస్తుంది. కణజాలం నుంచి పాలిమర్‌ను విడిపించే ఆమ్లం, క్షారం, వేడి, ఈ మూడే దాని గొలుసును ముక్కలు కూడా చేస్తాయి. గంటన్నరలో అయ్యే పనిని మూడు గంటలు సాగదీస్తే దిగుబడి కాస్త పెరగవచ్చు, కానీ చేతికొచ్చేది జిగట లేని, జెల్ కట్టని, పొరగా నిలవని పొడి. తూకం ఒక్కటే చూసుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. తూకం పక్కనే చిక్కదనం కూడా రాసుకోవాలి.

ఏ వ్యర్థంలో ఎంత ఉంటుందో స్థూలంగా చెప్పుకుంటే: నారింజ, నిమ్మ జాతి పండ్ల ఎండు తొక్కలో 20 నుంచి 30 శాతం పెక్టిన్ (జామ్‌ను జెల్ కట్టించే పదార్థం), రసం తీసిన యాపిల్ పిప్పిలో 10 నుంచి 15 శాతం. ఎండు రొయ్య పెంకులో 20 నుంచి 30 శాతం కైటిన్ (పెంకుకు బలమిచ్చే పాలిమర్; దీన్ని గాఢ క్షారంలో ఉడికిస్తే వచ్చేదే కైటోసాన్). మిగతాది చాలావరకు ప్రోటీన్, కాల్షియం కార్బొనేట్. చెరకు పిప్పిలో 40 నుంచి 50 శాతం సెల్యులోజ్. మొక్కజొన్న కండెలో మూడో వంతు దాకా హెమీసెల్యులోజ్. వీటిలో పెక్టిన్, కైటోసాన్ రెండూ చిన్న ప్రయోగశాలలో మొదటి ప్రయత్నంలోనే ఫలితం చూపించేవి, నాణ్యత తేడా కంటికి కనిపించేవి. అందుకే ఎక్కువ భాగం వీటి గురించే. (పెక్టిన్‌కు 1825లో ఆ పేరు పెట్టినదీ, 1811లో పుట్టగొడుగుల నుంచి కైటిన్‌ను మొదట వేరు చేసినదీ ఒకరే, ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ బ్రకోనో.)

సరుకు చేతికొచ్చిన మొదటి గంటలు

ఎక్కువ బ్యాచ్‌లు చెడేది ఆమ్లం దగ్గర కాదు, అంతకుముందు బుట్టలోనే. రసం తీసిన తొక్కలో పెక్టిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. తొక్క నలిగిన క్షణం నుంచీ అది పెక్టిన్ మీదున్న మిథైల్ గుంపులనే చిన్న రసాయన భాగాలను ఊడగొడుతూ ఉంటుంది. అలా ఊడినచోట కాల్షియం వచ్చి కూర్చుని గొలుసులను ఒకదానితో ఒకటి బిగించేస్తుంది. ఆ తర్వాత ఎంత ఆమ్లం పోసినా పెక్టిన్ సగం పిప్పిలోనే ఉండిపోతుంది. బూజు పట్టిందంటే ఇంకా అన్యాయం: బూజు విడుదల చేసే ఎంజైములు గొలుసునే తెంపుతాయి. బూజు వాసన వచ్చిన తొక్కను కడిగి వాడదామనే ఆశ వదులుకోండి.

తొక్కను 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, 95 డిగ్రీలకు పైగా ఉన్న నీటిలో 5 నిమిషాలు ఉంచండి. ముక్కలు వేయగానే నీటి వేడి పడిపోతుంది కాబట్టి తిరిగి 95కు చేరినప్పటి నుంచి లెక్క. వెంటనే వార్చి, గోరువెచ్చని నీటితో రెండుసార్లు కడగండి. ఇలా కడగడం చక్కెరల కోసం. అవి మిగిలితే ఎండేటప్పుడు తొక్క గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ రంగు చివరి పొడిదాకా వెంట వస్తుంది. గట్టిగా పిండి, 60 డిగ్రీలు దాటకుండా, వేళ్ల మధ్య పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టండి. అప్పటికి తేమ 10 శాతం లోపుకు వచ్చినట్టే. తర్వాత ముతకగా దంచుకోవాలి. మెత్తని పొడి చేస్తే వడకట్టేటప్పుడు గుడ్డ మూసుకుపోతుంది.

రొయ్య పెంకుల విషయంలో గడువు ఇంకా తక్కువ. తలల్లో ఉన్న జీర్ణ ఎంజైములు, బ్యాక్టీరియా కలిసి కొద్ది గంటల్లోనే పని మొదలుపెడతాయి. అందిన వెంటనే కడిగి, అతుక్కున్న మాంసం తీసేసి, వీలైతే తలలను, ఒంటి పెంకులను వేరు చేయండి. తలల్లో ప్రోటీన్, కొవ్వు ఎక్కువ. రెండూ కలిపితే సమయాలు దేనికీ సరిపోవు. పది నిమిషాలు మరిగించి ఆరబెట్టండి, కుదరకపోతే గడ్డకట్టించి దాచండి. ఎండిన పెంకును 2 నుంచి 5 మిల్లీమీటర్ల పలుకులుగా చేసి, జల్లెడ కింద రాలిన దుమ్మును పక్కన పెట్టేయండి. ఆ దుమ్ము ఆమ్లంలో అతిగా తెగుతుంది, పలుకులు మాత్రం లోపల ఇంకా పచ్చిగానే ఉంటాయి. పెంకుల దుమ్ము పీలిస్తే రొయ్యలు పడనివాళ్లకు అలర్జీ రావచ్చు, కాబట్టి దంచేటప్పుడు మాస్క్ తప్పదు.

పాత్రలు, గుడ్డలు

అల్యూమినియం ఎక్కడా వద్దు. ఆమ్లానికి కరుగుతుంది; కాస్టిక్ సోడాతోనైతే హైడ్రోజన్ వదులుతూ కరిగిపోతుంది. పెక్టిన్‌కు గాజు, ఎనామెల్, స్టెయిన్‌లెస్ స్టీలు ఏదైనా సరే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్టెయిన్‌లెస్ స్టీలును కూడా తినేస్తుంది, కాబట్టి పెంకుల ఆమ్ల దశకు ప్లాస్టిక్ బకెట్టు. వేడి గాఢ క్షారం గాజును మెల్లగా కొరుకుతుంది, అక్కడికి మళ్లీ స్టెయిన్‌లెస్ స్టీలు. వడపోత గుడ్డల్లో చాలామంది పొరబడేది పాలిస్టర్ దగ్గర: ఆమ్లానికి అది బాగా ఆగుతుంది, వేడి గాఢ క్షారంలో మాత్రం కరిగిపోతుంది. నైలాన్ సంగతి సరిగ్గా తిరగబడి ఉంటుంది. పాలీప్రొపిలీన్ వల ఒకటి కొనుక్కుంటే రెండు చోట్లా పనికొస్తుంది.

కళ్లద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లోవ్స్, గాలి ఆడే చోటు. ఆమ్లమైనా కాస్టిక్ అయినా నీటిలో వేయాలి, వాటి మీద నీళ్లు పోయకూడదు.

పెక్టిన్: 100 గ్రాముల ఎండు తొక్క లెక్క

నీరు 3 లీటర్లు. అది డిస్టిల్డ్ నీరో, ఆర్‌వో నీరో అయి ఉండాలి. కఠిన జలంలోని కాల్షియం మనం విడదీయాలనుకుంటున్న గొలుసులనే తిరిగి కట్టేస్తుంది. అందులో 60 గ్రాముల సిట్రిక్ యాసిడ్ (నిమ్మ ఉప్పు) కరిగించి, తొక్క వేసి, పది నిమిషాలు నానాక పీహెచ్ (ఆమ్లత అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూడండి. 2.0 దగ్గర ఉండాలి. తొక్కలోని లవణాలు ఆమ్లాన్ని మింగుతాయి కాబట్టి 2.3, 2.4 చూపిస్తే ఇంకాస్త యాసిడ్ వేయండి. కొలిచేముందు నమూనాను గది ఉష్ణోగ్రతకు చల్లార్చడం మేలు. హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలు తక్కువ పరిమాణంతోనే పీహెచ్ దించుతాయి, పెద్ద కర్మాగారాలు వాటినే వాడతాయి. అయినా మొదలుపెట్టేవారికి సిట్రిక్ యాసిడే మంచిది. అది కాల్షియంను పట్టేసుకుంటుంది, పీహెచ్ ఒక్కసారిగా 1.2కు జారిపోయే ప్రమాదమూ ఉండదు.

ఇప్పుడు 85 డిగ్రీల దగ్గర 75 నిమిషాలు, మెల్లగా కలుపుతూ. మరిగించవద్దు. మరిగితే ముక్కలు ముద్దయిపోయి వడపోత నరకమవుతుంది. పీహెచ్ 2.5 దాటితే పెక్టిన్ కదలదు, 1.5కు దిగితే త్వరగా వస్తుంది, అంతే త్వరగా తెగుతుంది, 45 నిమిషాలకే ఆపేయాలి. ఆమ్లం తగ్గించి, అంటే పీహెచ్ ఎక్కువగా ఉంచి, ఎక్కువసేపు ఉడికించేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: తటస్థానికి దగ్గరగా వేడి చేస్తే పెక్టిన్ ఇంకో దారిలో, బీటా ఎలిమినేషన్ అనే చర్యతో తెగుతుంది. మిథైల్ గుంపులు ఎక్కువున్న మంచి పెక్టిన్‌కే ఆ దెబ్బ ఎక్కువ. పెక్టిన్ సుఖంగా ఉండేది పీహెచ్ 3, 4 మధ్యలో. తీతకు మాత్రం అంతకంటే కిందికి దిగక తప్పదు. కాబట్టి పని కాగానే చల్లార్చడమే దారి.

చల్లార్చే ముందే, 60 డిగ్రీలకు పైగా ఉన్నప్పుడే వడకట్టండి. చల్లబడితే ద్రవం చిక్కబడి గుడ్డ మీదే నిలబడిపోతుంది. మొదట ముతక గుడ్డ, పిప్పిని గట్టిగా పిండటం; తర్వాత లీటరుకు 10 నుంచి 20 గ్రాముల పెర్లైట్ (వడపోతకు సాయపడే తేలికైన ఖనిజ పొడి) కలిపి సన్న గుడ్డ. ఇక్కడ మబ్బుగా ఉన్నది చివర్లో పొడిలోనూ మబ్బుగానే ఉంటుంది. మిగిలిన పిప్పిని లీటరు వేడినీటితో మరోసారి కడిగి పిండితే పలుచని పెక్టిన్ నీరు వస్తుంది. దాన్ని ఆల్కహాల్‌లో పోయడం దండగ. తర్వాతి బ్యాచ్‌లో నీటికి బదులు వాడుకోండి.

తేట ద్రవాన్ని 30 డిగ్రీల కిందికి చల్లార్చాకే ఆల్కహాల్ దగ్గరికి తీసుకెళ్లాలి. మంట, స్పార్క్ ఏదీ ఆ గదిలో ఉండకూడదు. ఒక లీటరు ద్రవానికి ఒకటిన్నర లీటర్ల 95 శాతం ఇథనాల్. కలిశాక ఆల్కహాల్ 57 శాతం అవుతుంది. 50కి తగ్గితే గడ్డ సరిగా కట్టదు, జారుడు జెల్లీలా తేలుతుంది. బాగా పెంచితే లవణాలు, హెమీసెల్యులోజ్ కూడా వెంట దిగుతాయి. వ్యాక్యూమ్ ఉంటే ద్రవాన్ని ముందే సగానికి ఇగర్చండి, ఆల్కహాల్ సగం మిగులుతుంది. వ్యాక్యూమ్ లేనివారు స్టవ్ మీద ఇగర్చాలని చూడవద్దు. అంతసేపు ఆమ్లంలో వేడి తగిలితే ఆల్కహాల్ మిగుల్చుకున్నదానికంటే గొలుసుకు జరిగే నష్టం ఎక్కువ.

ఆల్కహాల్‌ను నెమ్మదిగా కలుపుతూ, పెక్టిన్ ద్రవాన్ని సన్నని ధారగా అందులో పోయండి. ధార తగిలినచోటే తెల్లని, సగం పారదర్శకమైన పోగులు పుడతాయి. లోపల చిక్కుకున్న గాలి బుడగలతో అవి పైకి తేలి, తడిసిన దూది పింజల్లా ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అరగంట తర్వాత గుప్పెడు తీసి పిండి చూడండి. మంచి పెక్టిన్ బిగిసి, వదిలితే కాస్త తిరిగి లేస్తుంది, పోగులు పోగులుగా చీలుతుంది. వేళ్ల మధ్య నుంచి జారిపోయి గుడ్డలోంచి బురదలా వచ్చేస్తే గొలుసు తెగినట్టు. అలాంటి బ్యాచ్‌ను ఇంక ఏ కడుగుడూ బాగుచేయలేదు, లోపం ఉడికించడంలోనో పాత తొక్కలోనో వెతకాలి.

గడ్డను పిండి, 70 శాతం ఆల్కహాల్‌లో విడదీసి నానబెట్టి మళ్లీ పిండండి. ఇలా కనీసం మూడుసార్లు. సిట్రిక్ యాసిడ్ వాడినప్పుడు ఈ కడుగుడు మరీ ముఖ్యం. మిగిలిపోయిన ఆమ్లం, సిట్రేట్ లవణాలు తూకాన్ని పెంచి మురిపిస్తాయి, నిల్వలో మాత్రం పొడిని తేమగా, పుల్లగా చేస్తాయి. ఆఖరిసారి 95 శాతం ఆల్కహాల్‌తో కడిగితే నీరు లాగేసి, ఎండినప్పుడు గడ్డ రాయిలా మారదు. పిండాక విప్పి పరచి, ఆల్కహాల్ ఆవిరి గాలికి పోయేదాకా బయట ఉంచి, అప్పుడు 50 డిగ్రీల డ్రయ్యర్‌లో పెట్టండి. ఆల్కహాల్ తడిగా ఉన్నదాన్ని మామూలు ఓవెన్‌లోకి నెట్టడం ప్రమాదం. 100 గ్రాముల తొక్కకు 12 నుంచి 20 గ్రాములు వస్తే పని సరిగా జరిగినట్టే. 30 దాటితే సంతోషించకండి, లవణమో చక్కెరో ఉంది.

వచ్చినది ఏ రకం పెక్టిన్

ఎస్టర్ శాతం (గొలుసు మీది ఆమ్ల గుంపుల్లో నూటికి ఎన్నింటికి మిథైల్ తగిలి ఉందనేది) తెలియకుండా పెక్టిన్‌ను దేనికీ వాడలేం. 50 శాతానికి పైన ఉంటే చక్కెర 55 శాతం దాటి, పీహెచ్ 3.5 లోపు ఉన్నప్పుడే జెల్ కడుతుంది. 50కి కింద ఉంటే చక్కెర అక్కర్లేదు, కాల్షియం కావాలి. కొలవడానికి బ్యూరెట్ (కొలత గీతలతో, ద్రవాన్ని చుక్క చుక్కగా వదిలే గొట్టం) చాలు.

ముందు 1 గ్రాము పెక్టిన్‌ను, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన 60 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది నిమిషాలు కలిపి, ఆపై ఆమ్లం లేని అదే ఆల్కహాల్‌తో క్లోరైడ్ జాడ పోయేదాకా కడిగి ఆరబెట్టండి. ఇది వదిలేస్తే లవణ రూపంలో ఉన్న గుంపులు లెక్కకు అందవు, ఎస్టర్ శాతం లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది. అందులోంచి అర గ్రాము తూచి, ఉండ కట్టకుండా 2 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌తో తడిపి, కాచి చల్లార్చిన 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో పూర్తిగా కరిగించండి. ఫినాల్ఫ్తలీన్ (క్షారంలో గులాబీకి తిరిగే సూచిక) వేసి 0.1 నార్మల్ (నార్మల్ అనేది గాఢత కొలత; ఇక్కడి ఆమ్లానికీ క్షారానికీ 1 నార్మల్ అంటే లీటరుకు 1 మోల్) కాస్టిక్ సోడాతో లేత గులాబీ రంగు వచ్చేదాకా పోయండి. ఇది మొదటి రీడింగు. తర్వాత 0.5 నార్మల్ కాస్టిక్ 10 మిల్లీలీటర్లు వేసి మూతపెట్టి 15 నిమిషాలు ఉంచండి. ఎస్టర్లు విడిపోతాయి. సరిగ్గా 10 మిల్లీలీటర్ల 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, రంగు పోయాక మళ్లీ 0.1 నార్మల్ కాస్టిక్‌తో గులాబీకి తేవాలి. ఇది రెండో రీడింగు. రెండోదాన్ని రెండింటి మొత్తంతో భాగించి నూరుతో గుణిస్తే ఎస్టర్ శాతం.

ఉదాహరణకు మొదటిది 6, రెండోది 13 మిల్లీలీటర్లు వస్తే 13ను 19తో భాగించగా 68 శాతం. స్వచ్ఛత కూడా ఇందులోనే దొరుకుతుంది: 19 మిల్లీలీటర్లంటే 1.9 మిల్లీమోల్, దాన్ని 176తో (గొలుసులో ఒక్కో లంకె అణుభారం) గుణిస్తే 334 మిల్లీగ్రాముల గాలక్ట్యురోనిక్ భాగం, అదే పెక్టిన్ గొలుసు కట్టే ఆమ్లం, అంటే నమూనాలో 67 శాతం. ఆహారంలో వాడే పెక్టిన్‌కు అంతర్జాతీయ ప్రమాణం అడిగేది కనీసం 65.

చేత్తో చూసుకునే పరీక్ష ఇంకొకటి. 1.5 గ్రాముల పెక్టిన్‌ను 10 గ్రాముల చక్కెరతో పొడిగానే కలిపి (నేరుగా నీటిలో వేస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది), 100 మిల్లీలీటర్ల నీటిలో గిలక్కొట్టి ఒక నిమిషం మరిగించండి. మరో 140 గ్రాముల చక్కెర వేసి మొత్తం బరువు 230 గ్రాములకు దిగేదాకా ఉడికించి, 50 శాతం సిట్రిక్ ద్రావణం 1 మిల్లీలీటరు ముందే వేసి ఉంచిన కప్పులో పోయండి. మర్నాడు బోర్లిస్తే ఆకారం నిలవాలి. అలా నిలిస్తే 1 గ్రాము పెక్టిన్ 100 గ్రాముల చక్కెరను పట్టినట్టు. వ్యాపారంలో 150 గ్రేడ్ అనేది ఇదే లెక్క, 1 గ్రాము 150 గ్రాముల చక్కెరను ప్రామాణిక గట్టిదనంతో నిలబెడుతుందని.

పెంకు నుంచి కైటిన్

100 గ్రాముల ఎండు పెంకు తీసుకుందాం. అందులో 40 గ్రాముల కాల్షియం కార్బొనేట్ ఉందనుకుంటే దాన్ని కరిగించడానికే 0.8 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి, అంటే 1 నార్మల్ ఆమ్లం 800 మిల్లీలీటర్లు. దానికి దాదాపు రెట్టింపు, 1.5 లీటర్లు తీసుకోండి: 37 శాతం గాఢ ఆమ్లం 125 మిల్లీలీటర్లను 1.3 లీటర్ల నీటిలో పోసి, 1.5 లీటర్లకు సరిచేస్తే సరి. ఈ లెక్క వేయకుండా ‘ఒకటికి అయిదు’ అని పోసేవారికి ఆమ్లం సగంలోనే అయిపోతుంది, మిగిలిన ఖనిజం చివరిదాకా వదలదు.

బకెట్టు కనీసం 5 లీటర్లది. ఆమ్లాన్ని నాలుగు విడతల్లో పోయండి. కార్బన్ డయాక్సైడ్‌కు ప్రోటీన్ తోడై నురగ అంచుదాకా లేస్తుంది. గది ఉష్ణోగ్రతలో గంట నుంచి గంటన్నర. రెండు గంటలు మించవద్దు, వేడి అసలే వద్దు, ఆమ్లంలో కైటిన్ గొలుసు తెగే వేగం వేడితో బాగా పెరుగుతుంది. పెంకు పెళుసుదనం పోయి, వంచితే విరగని పలుచని పొరలా మారుతుంది. ఒక పలుకు తీసి కొత్త ఆమ్లం చుక్క వేసినప్పుడు బుడగ రాకపోతే అయిపోయినట్టు. నీరు తటస్థమయ్యేదాకా కడగాలి.

తర్వాత ప్రోటీన్. లీటరు నీటికి 40 గ్రాముల కాస్టిక్ సోడా, 70 డిగ్రీలు, 2 గంటలు. ద్రవం ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని వార్చేసి, కొత్త లీటరుతో మరోసారి. ఆపాలా వద్దా అనేది రంగును బట్టి ఊహించే బదులు, వార్చిన ద్రవం చల్లారాక పలుచని మైలుతుత్తం ద్రావణం రెండు చుక్కలు వేయండి. అది ఇప్పటికే క్షారం కాబట్టి వేరే ఏమీ కలపక్కర్లేదు. ఊదా రంగు వస్తే ప్రోటీన్ ఇంకా దిగుతోందని అర్థం.

ఆమ్లం ముందా, క్షారం ముందా అనే వాదన పాతదే, రెండు వరసలూ వాడుకలో ఉన్నాయి. ప్రోటీన్‌ను కూడా పట్టుకోవాలనుకుంటే క్షారం ముందు పెట్టండి, లేకపోతే కొంత ప్రోటీన్ కాల్షియం నీటితో కొట్టుకుపోతుంది. ప్రోటీన్ అక్కర్లేకపోతే ఆమ్లం ముందు ఉండటమే సులువు: సున్నం పోయాక పెంకు తెరుచుకుని క్షారం లోపలికి తేలిగ్గా దిగుతుంది.

కైటిన్‌లో మిగిలే లేత గులాబీ రంగు ఆస్టాజాంతిన్‌ది, అది రొయ్యల్లో సహజంగా ఉండే రంగు పదార్థం. తీయాలనిపిస్తే ఎండిన కైటిన్‌ను ఎసిటోన్‌లో నానబెట్టండి. బ్లీచింగ్ ద్రావణం నిమిషాల్లో తెల్లగా చేస్తుంది, అదే నిమిషాల్లో చిక్కదనాన్నీ దించుతుంది. పైగా ఆమ్లపు తడి మిగిలి ఉన్న పెంకుకు బ్లీచింగ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. తెల్లదనం కోసం ఇంత రిస్క్ అనవసరం.

100 గ్రాముల పెంకుకు 20 నుంచి 25 గ్రాముల కైటిన్ మిగలాలి. 2 గ్రాములు 550 డిగ్రీల కొలిమిలో కాల్చితే బూడిద 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే ముందుకు వెళ్లండి. ఎక్కువుంటే మళ్లీ ఆమ్లం, ఈసారి అరగంటే.

కైటిన్ నుంచి కైటోసాన్

గాఢ క్షారం కైటిన్ మీదున్న ఎసిటైల్ గుంపులను ఊడగొడితే మిగిలేదే కైటోసాన్. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త రూజే గాఢ పొటాష్‌ (పొటాషియం క్షారం)లో కైటిన్‌ను ఉడికించి, ఆమ్లంలో కరిగే పదార్థం చేసినప్పటి నుంచీ పద్ధతి పెద్దగా మారలేదు. 153 గ్రాముల కాస్టిక్ సోడాను అంతే బరువు నీటిలో, చల్లనీటి తొట్టిలో పాత్ర ఉంచి కొద్దికొద్దిగా వేసి కరిగిస్తే 200 మిల్లీలీటర్ల 50 శాతం ద్రావణం వస్తుంది. ఒకేసారి వేస్తే అది తనంతట తానే మరిగి ఎగజిమ్ముతుంది. ఇందులో 20 గ్రాముల పొడి కైటిన్ వేసి, మూతపెట్టి, 100 నుంచి 110 డిగ్రీల మధ్య 2 గంటలు. నైట్రోజన్ ఉంటే పైనున్న గాలిని దానితో తరిమేయండి. వేడి క్షారంలో ఆక్సిజన్ తగిలితే గొలుసు తెగుతుంది. పొడి పసుపెక్కడం దానికి మొదటి గుర్తు.

కైటిన్‌ను తడిగా వేస్తే ఏమవుతుందో లెక్క వేయండి. 20 గ్రాముల కైటిన్ తనతో 40 గ్రాముల నీరు తెస్తే, 306 గ్రాముల ద్రావణం 346 అవుతుంది, 50 శాతం కాస్తా 44కు పడుతుంది. అదే సమయం, అదే వేడి, కానీ సగం కరిగి సగం కరగని సరుకు. ‘ఒక్కోసారి బాగా వస్తుంది, ఒక్కోసారి రాదు’ అనే ఫిర్యాదులో సగానికి ఇదే కారణం.

క్షారాన్ని వల మీద వార్చి వేరే డబ్బాలో దాచండి, పారబోయవద్దు. పలుకులను ముందు వేడినీటితో, తర్వాత చల్లనీటితో కడగాలి. ఇక్కడ పీహెచ్ పేపర్ నమ్మించి మోసం చేస్తుంది: పారుతున్న నీరు 7 చూపిస్తుంది, పలుకు లోపల క్షారం అలాగే ఉంటుంది. కొత్త నీటిలో అరగంట నానబెట్టి అప్పుడు చూడండి; 8 దాటితే మళ్లీ కడగాలి. 60 డిగ్రీలు మించకుండా ఆరబెట్టండి. 20 గ్రాములకు 15, 16 గ్రాములు వస్తాయి. ఎసిటైల్ గుంపులు పోయినంత మేర బరువు తగ్గడం సహజమే.

ఇక పరీక్ష. 1 గ్రామును 100 మిల్లీలీటర్ల 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో వేసి రాత్రంతా కలపండి. ఉబ్బి పారదర్శకంగా తేలే ముక్కలు మిగిలితే క్షారం లోపలిదాకా పోలేదు, మరోసారి కాస్టిక్‌లో వేయొచ్చు. వేయగానే సన్న బుడగలు వస్తే సున్నం మిగిలింది. పూర్తిగా కరిగినా నీళ్లలా పలుచగా ఉంటే గొలుసు పొట్టిదైపోయింది. చిక్కదనం కొలిచే పరికరం లేకపోతే, ఒకే 10 మిల్లీలీటర్ల పిపెట్ నుంచి, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ద్రావణం కారిపోయే సమయాన్ని ప్రతి బ్యాచ్‌కూ రాసుకోండి. ఆ అంకె తగ్గిన రోజున ఏ దశ మారిందో వెనక్కి వెతకవచ్చు.

డీఎసిటైలేషన్ శాతం (నూటికి ఎన్ని ఎసిటైల్ గుంపులు పోయి అమీన్ గుంపులు బయటపడ్డాయో) కావాలంటే 200 మిల్లీగ్రాముల ఎండిన కైటోసాన్‌ను 20 మిల్లీలీటర్ల 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, 100 మిల్లీలీటర్ల నీరు చేర్చి, పీహెచ్ మీటర్ పెట్టి 0.1 నార్మల్ కాస్టిక్ పోస్తూ గ్రాఫ్ గీయండి. పీహెచ్ ఎగిరే చోట్లు రెండు వస్తాయి. మొదటిది మిగులు ఆమ్లానిది. రెండింటి మధ్య పోసిన కాస్టిక్ అమీన్ గుంపులది. అది 9.4 మిల్లీలీటర్లయితే 0.94 మిల్లీమోల్. దాన్ని 203తో గుణించి, 200కు 42 రెట్ల 0.94 కలిపి వచ్చిన దానితో భాగిస్తే సుమారు 80 శాతం. పీహెచ్ 6 దాటాక కైటోసాన్ దిగడం మొదలై రీడింగు తేలుతూ ఉంటుంది, అక్కడ ప్రతి చుక్కకూ ఆగాలి.

మిగతా వ్యర్థాలు

బంగాళాదుంపలు కోసే చోటు నుంచి వచ్చే నీటిలో స్టార్చ్ తనంతట తానే అడుక్కి దిగుతుంది. రంగు మారకుండా లీటరుకు 1 గ్రాము సోడియం మెటాబైసల్ఫైట్, సన్న జల్లెడ, మూడుసార్లు కడిగి తేర్చడం, 45 డిగ్రీల లోపు ఆరబెట్టడం, అంతే. తడిగా ఉన్నప్పుడు 60 డిగ్రీలు తగిలితే ఉడికి గంజి అవుతుంది.

గడ్డి, చెరకు పిప్పి నుంచి సెల్యులోజ్‌కు 4 శాతం కాస్టిక్‌తో 80 డిగ్రీల దగ్గర 2 గంటల చొప్పున రెండు విడతలు, తర్వాత పీహెచ్ 11.5 దగ్గర 2 నుంచి 4 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో 50, 60 డిగ్రీల మధ్య తెల్లబరచడం. ఇనుము జాడ ఉంటే పెరాక్సైడ్ నురగెత్తి వృథా అవుతుంది, గొలుసునూ తెంపుతుంది. తుప్పు నీరు పనికిరాదు. వచ్చిన సెల్యులోజ్‌తో నానోఫైబర్ చేయాలనుకుంటే దాన్ని ఎండబెట్టకుండా తడిగానే దాచండి. ఒకసారి ఎండిన పోగులు అతుక్కుపోతాయి, నీటిలో వేసినా మునుపటిలా విడివడవు. నల్లటి క్షార ద్రవాన్ని పీహెచ్ 2కు దించితే లిగ్నిన్ (మొక్కల పోగులను పట్టి ఉంచే పాలిమర్) దిగుతుంది, 60 డిగ్రీల పైన చేస్తే గింజ కట్టి త్వరగా వడపోతకొస్తుంది. వరిగడ్డి ద్రవంతో మాత్రం జాగ్రత్త: అందులో కరిగిన సిలికా కూడా జెల్‌గా దిగి గుడ్డను మూసేస్తుంది.

మొక్కజొన్న కండె నుంచి జైలాన్ (అందులోని ముఖ్యమైన హెమీసెల్యులోజ్) కావాలంటే 10 శాతం కాస్టిక్‌లో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, ఎసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 5కు తెచ్చి, మూడు రెట్ల ఆల్కహాల్‌లో పోయాలి. ఆల్కహాల్‌ను తిరిగి బట్టీ పట్టే సదుపాయం లేకపోతే ఇది గిట్టుబాటు కాదు.

మిగిలిన నీళ్లు

కైటోసాన్ దగ్గర దాచిన 50 శాతం క్షారంలో ఖర్చయినది చాలా తక్కువ. 20 గ్రాముల కైటిన్ నుంచి ఎసిటైల్ గుంపులు తీయడానికి నిజంగా పట్టేది 3 గ్రాముల కాస్టిక్ మాత్రమే. పలుకులతో పోయినది పోగా మిగిలినదాన్ని టైట్రేట్ చేసి (తెలిసిన గాఢత ఆమ్లంతో బలం కొలిచి), పలుచన చేసి తర్వాతి బ్యాచ్ ప్రోటీన్ దశకు వాడండి. ఆ బ్యాచ్‌కు కావాల్సింది 2 లీటర్ల 4 శాతం ద్రావణం, అంటే 80 గ్రాములు. మొదట పోసినది 153. సరిపోయి ఇంకా మిగులుతుంది.

గోధుమరంగు ప్రోటీన్ ద్రవాన్ని పెంకుల ఆమ్లపు నీటితో, గాలి ఆడే చోట, కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ 4, 4.5 మధ్యకు తెస్తే ప్రోటీన్ మేఘంలా కదలి అడుగు చేరుతుంది. కుళ్లు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, వెనక్కి జరగండి. పైతేటను పీహెచ్ 7కు తెచ్చినా అందులో ఉప్పు, కాల్షియం క్లోరైడ్ చాలా ఉంటాయి కాబట్టి మొక్కలకు పోయకూడదు, శుద్ధి కేంద్రానికే పంపాలి. పెక్టిన్ ఆల్కహాల్‌ను బట్టీ పట్టాక అడుగున మిగిలే పుల్లటి చక్కెర నీటిదీ అదే దారి. అది విషం కాకపోయినా, కాల్వలో కలిస్తే దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ మొత్తం లాగేస్తాయి.